నిండని ట్యాంకు ఖరీదెంత?

మా కర్నూలు, కడప వైపు ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే ఇంటాయన కొన్ని విషయాలు తప్పకుండా చెప్తాడు. బోరు ఎన్ని అడుగులకి పడింది, వాకిలి తలుపుకి ఎంతయింది, బేతంచెర్ల బండలకి పాలిష్ ఎన్ని రోజులు పట్టారు. ఇల్లు కొంచెం పాతదయితే ఇంకో మాట కూడా ఉంటుంది: "మా సెప్టిక్ ట్యాంకు కట్టి ఇరవై ఏండ్లయింది, ఇంతవరకు నిండలేదబ్బా!" వినేవాళ్లు కూడా 'మేస్త్రీ పనిమంతుడు' అన్నట్టు తల ఊపుతారు.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే. సాహిత్య క్లబ్బు పత్రికలో ఇదేం టాపిక్ అని అడిగేవాళ్లకి ముందే చెప్తున్నా: ప్రస్తుతం మా ఇల్లు కడుతున్నారు. ఇంట్లో ఎక్సెల్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఎస్టిమేట్ షీట్ నా చేతికొచ్చింది. అందులో వంటింటి టైల్స్‌కి పదకొండు వరుసలున్నాయి. ట్యాంకుకి ఒకే ఒక్క వరుస: "సెప్టిక్ ట్యాంకు, మొత్తం కలిపి ఇంత." ఏ సైజు, ఎన్ని గదులు, నీళ్లు ఎక్కడికి పోతాయి, ఏమీ లేదు. ఆ ఒక్క వరుసని విడగొడదామని కూర్చుంటే ఐఎస్ కోడ్‌లు, సుప్రీంకోర్టు తీర్పు, బెలుం గుహలు అన్నీ తగిలాయి. ఇంకో పదేళ్లలో మనలో చాలామంది ఇల్లు కట్టే పనిలోనో, అమ్మానాన్నల ఇల్లు రిపేరు చేయించే పనిలోనో ఉంటాం. అందుకే రాస్తున్నా.

ముందు ఒక చిన్న లెక్క

ఇంట్లో ఐదుగురున్నారు. ఒక్కొక్కరు రోజుకి ఐదుసార్లు, ప్రతిసారీ ఎనిమిది లీటర్లు పోస్తారనుకుందాం. 5 × 5 × 8 = 200. అంటే రోజుకి 200 లీటర్లు. స్నానం నీళ్లు, గిన్నెల నీళ్లు ఇందులో లేవు, మరుగుదొడ్డివి మాత్రమే.

మా వైపు మామూలుగా కట్టే పెద్ద ట్యాంకుని 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు అనుకుందాం. 640 ఘనపుటడుగులు, అంటే సుమారు 18,000 లీటర్లు. రోజుకి 200 చొప్పున ఈ ట్యాంకు 90 రోజుల్లో నిండాలి. మూడు నెలలు, అంతే.

మరి ఇరవై ఏళ్లు ఎందుకు నిండలేదు? బయటికి పోయే పైపు ఉంటే, ఆ నీళ్లు ఏ వీధి కాలువలోకో పోతున్నాయని అర్థం. పైపు లేకపోతే దారి ఒక్కటే, భూమి. 200 × 365 × 20 చేస్తే 14,60,000 లీటర్లు. వేసవిలో మనం కొనుక్కునే నీళ్ల ట్యాంకరు 5,000 లీటర్లదనుకుంటే, 292 ట్యాంకర్లు. ఒక్క ఇంటి మురుగు, అదే ఇంటి కింద, అదే ఇంటి బోరు పక్కన.

ప్రోగ్రాం ఎంతసేపు నడిచినా మెమరీ లెక్క సరిపోకపోతే మా బ్రాంచిలో దాన్ని లీక్ అంటారు. సివిల్ వాళ్లు కూడా అదే అంటారు. దాన్ని గొప్పగా చెప్పుకునేది ఇంటాయన ఒక్కడే.

ట్యాంకు చేసే పని ఏంటి

చాలామంది సెప్టిక్ ట్యాంకంటే దాచిపెట్టే గుంత అనుకుంటారు. నిజానికి అది వేరుచేసే గది. లోపలికి వచ్చిన మురుగు ఒకటి రెండు రోజులు కదలకుండా నిలబడితే మూడు పొరలవుతుంది. బరువైనది కిందకి దిగి మడ్డి అవుతుంది. నూనె, జిడ్డు లాంటివి పైకి తేలి తెట్టు కడతాయి. మధ్యలో కాస్త తేరిన నీళ్లు ఉంటాయి. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా కింది మడ్డిని నెమ్మదిగా తింటూ తగ్గిస్తుంది. కొత్త నీళ్లు లోపలికి రాగానే, మధ్య పొరలోంచి అన్ని నీళ్లే బయటికి పోతాయి. తెట్టూ మడ్డీ లోపలే ఉండిపోవాలి. అందుకే నడుమ అడ్డుగోడ కడతారు, లోపలికీ బయటికీ టీ ఆకారం పైపులు పెడతారు.

అంటే బాగా కట్టిన ట్యాంకు ఎప్పుడూ నీళ్లతో నిండే ఉంటుంది. మొదటి కొన్ని వారాల్లోనే నిండి, ఆ తర్వాత ఎంత వస్తే అంత బయటికి పంపుతుంది. నిండింది అంటే చెడిపోయింది అని కాదు, పని మొదలుపెట్టింది అని.

అలా బయటికొచ్చిన నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా శుభ్రమైనవి కావు. రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు అందులోనే ఉంటాయి. కాబట్టి ట్యాంకు తర్వాత రెండో దశ ఒకటి కావాలి. ఇంకుడు గుంతో, కంకర ఫిల్టరో, మొక్కల మడో, ఏదో ఒకటి. మా ఎస్టిమేట్‌లో లేనిది సరిగ్గా ఈ రెండో దశే.

ఇంకో మాట. సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దింపి, అడుగున నేల అలాగే వదిలేసిన దాన్ని కూడా మనవాళ్లు సెప్టిక్ ట్యాంకనే అంటారు. అడుగు లేనిది ట్యాంకు కాదు, గుంత. పేరు ఒకటే కావడంతో ఒక మేస్త్రీ చెప్పిన రేటు ఇంకో మేస్త్రీ రేటులో సగం ఉన్నట్టు కనిపిస్తుంది. ఇద్దరూ కట్టేది ఒకటి కాదు.

పెద్దది కడితే మంచిదా?

"అన్నా, గుంత పెద్దగా తీద్దాం, మళ్లీ మళ్లీ ఖర్చుండదు." ఈ సలహా వినని ఇల్లుండదు. మన దేశంలో సెప్టిక్ ట్యాంకులకి ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 2470. అందులో ఐదుగురికి చెప్పిన కొలత వింటే ఆశ్చర్యపోతారు: 1.5 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, ఒక మీటరు చిల్లర నీటి లోతు. పదిమందికైతే 2 మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు. మూడేళ్లకోసారి తోడించేట్టయితే 1.4 మీటర్ల నీటి లోతు. దాని పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. పదిమంది ట్యాంకు కూడా సుమారు 2,500 లీటర్లే. మన 18,000 లీటర్ల ట్యాంకు దానికి ఏడింతలు!

చుట్టాలొస్తారు, పిల్లలు పెరుగుతారు, అందుకే ఐదుగురున్న ఇంటికి పదిమంది సైజు వేసుకుందాం. దాన్నీ మన పెద్ద ట్యాంకునీ పక్కపక్కన పెట్టి లెక్కేశాను. గోడల మందం 23 సెంటీమీటర్లు, అడుగున కాంక్రీటు కలుపుకుంటే, పెద్దదానికి తవ్వకం సుమారు నాలుగింతలు, లోపలి గోడల వైశాల్యం రెండున్నర రెట్ల పైన, పైకప్పు మూడింతలు. ఇక్కడ రూపాయలు వేయలేదు. ఎందుకంటే ఇటుక రేటు, జేసీబీ గంట రేటు ఊరికో రకం, నెలకో రకం. కానీ ఈ నిష్పత్తులు మారవు. మీ ఊరి రేటు పక్కన పెట్టి గుణిస్తే చాలు.

రాయలసీమలో తవ్వకానికి ఇంకో తలనొప్పి ఉంది. మూడు నాలుగు అడుగులు మట్టి వస్తుంది, తర్వాత బండ తగులుతుంది. అక్కడ్నించి జేసీబీ బకెట్ పనిచేయదు, బ్రేకర్ రావాలి. ట్యాంకు ఖర్చులో అందరినీ ముంచేది ఆ చివరి నాలుగడుగులే. డబ్బంతా ఆ బండ పగలగొట్టడానికి పోయాక, లోపలి ప్లాస్టరింగూ అడ్డుగోడా టీ పైపులూ ఇంకుడు గుంతా "తర్వాత చూద్దాం" జాబితాలోకి వెళ్తాయి. అవసరం లేని లోతుకి ఖర్చు పెట్టి, అవసరమైన పనులు వదిలేస్తున్నామన్నమాట.

చిన్నదిగా కట్టి, నీళ్లు కారకుండా కట్టి, మూడేళ్లకోసారి తోడిస్తే చాలు. స్నానం నీళ్లు, బట్టల నీళ్లు కూడా అందులోకే వదలాలంటే సైజు పెంచాలి. కానీ వాటిని వేరే పైపులో చెట్లకి పంపుకుంటే ఆ ఖర్చూ ఉండదు, నీళ్లూ కలిసొస్తాయి.

మన కింద ఉన్న రాయి

ఇప్పుడు అసలు సమస్య. వేరే ఊళ్లలో ఇంకుడు గుంత తీస్తే మట్టే ఫిల్టరుగా పనిచేస్తుంది. నీళ్లు మట్టి రేణువుల మధ్య నుంచి నెమ్మదిగా దిగుతుంటే క్రిములు చిక్కుకుని చస్తాయి. మన దగ్గర ఆ మట్టి ఎంత మందం ఉంది?

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల కింద చాలాచోట్ల సున్నపురాయి ఉంది. అందుకే అక్కడ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు, అన్ని బండల క్వారీలు. సున్నపురాయికి ఒక గుణం ఉంది. వాన నీళ్లు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారతాయి. ఆ నీళ్లకి ఈ రాయి మెల్లమెల్లగా కరుగుతుంది. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది.

నమ్మకం లేకపోతే బెలుం గుహలకి వెళ్లండి. కొలిమిగుండ్ల మండలంలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు. ఆ మూడు కిలోమీటర్ల పైచిలుకు దారంతా నీళ్లు తొలిచిందే. లోపల పాతాళగంగ అనే చిన్న ధార ఉంది. అది రాళ్ల సందుల్లోకి దిగి కనిపించకుండా పోతుంది. రెండు కిలోమీటర్ల దూరంలో బెలుం ఊళ్లో ఉన్న బావిలోకి వెళ్తుందని అక్కడివాళ్ల నమ్మకం. నిజంగా ఆ బావికే వెళ్తుందా లేదా అనేది పక్కన పెట్టండి. సున్నపురాయిలో నీళ్లు ఎలా ప్రయాణిస్తాయో ఆ ఊరివాళ్లకి ఎప్పుడో తెలుసు. ఇక్కడ మాయమైనవి ఎక్కడో తేలతాయి. మధ్యలో వడపోత ఏమీ ఉండదు.

అదే రాతిలో మన ఇంకుడు గుంత తీస్తే? ట్యాంకు నీళ్లు కూడా అలాగే ప్రయాణిస్తాయి. సున్నపురాయి, పగుళ్లున్న రాయి ఉన్నచోట మురుగు నీళ్లని భూమిలోకి ఇంకించొద్దని మన ఇంజినీరింగ్ మాన్యువల్స్ స్పష్టంగా చెప్తాయి. కారణం కూడా ఇదే, కరిగిన సందుల్లోంచి కలుషితం చాలా దూరం వెళ్తుందని.

మామూలు నేలలో కూడా ఇంకుడు గుంతకీ తాగునీటి బావికీ బోరుకీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని ఐఎస్ 2470 అంటుంది. ఇప్పుడు మూడు సెంట్ల స్థలం తీసుకోండి. సెంటు అంటే 40.5 చదరపు మీటర్లు, మూడు సెంట్లు 121. చదరంగా ఉంటే 11 మీటర్లకి 11 మీటర్లు. ఒక మూల నుంచి ఎదురు మూలకి ఎంత? పైథాగరస్ ప్రకారం 15.6 మీటర్లు. అంటే బోరు ఒక మూలలో, గుంత ఎదురు మూలలో పెట్టినా 18 కుదరదు! కుదిరేలా జరిపితే పక్కింటి బోరుకి దగ్గరవుతుంది. మన కాలనీల్లో ఇంటింటికీ బోరు, ఇంటింటికీ గుంత. ఎవరి గుంత ఎవరి బోరులోకి పోతోందో ఎవరు చెప్పగలరు?

దీని ఖరీదు వేరే పేర్లతో వస్తుంది. మురుగులోని నైట్రోజన్ నేలలో నైట్రేట్‌గా మారుతుంది. తాగే నీళ్లలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. దాటితే ఎక్కువ ప్రమాదం పాలడబ్బా తాగే పసిపిల్లలకి, రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి కానీ నైట్రేట్ పోదు. ఆర్‌ఓ మిషను, క్యాన్ నీళ్లు, విరేచనాలకి ఆసుపత్రి ఖర్చు, ఇవేవీ ట్యాంకు ఎస్టిమేట్‌లో కనిపించవు. కానీ కొంత భాగం దానిదే.

నల్లరేగడి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. నంద్యాల, కోయిలకుంట్ల, ప్రొద్దుటూరు చుట్టుపక్కల నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. తడిసినప్పుడు నీళ్లు దిగవు, గుంత పొంగుతుంది. ఎండినప్పుడు ట్యాంకు గోడల్ని అటూ ఇటూ లాగుతుంది. అడుగున సరైన కాంక్రీటు లేని ట్యాంకు అక్కడ పగలడానికి ఎన్నేళ్లో పట్టదు.

ఖర్చు లేని పరీక్ష

మీ స్థలంలో ఇంకుడు గుంత పనికొస్తుందా లేదా అని తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. గుంత రావాల్సిన చోట, దాదాపు ఆ లోతులోనే జానెడు వెడల్పున చిన్న రంధ్రం తీయాలి. పక్కలు గీరి, అడుగున ఐదు సెంటీమీటర్లు ఇసుక వేసి, నీళ్లు పోసి ఒక రాత్రి నాననివ్వాలి. మర్నాడు ఇసుక పైన 15 సెంటీమీటర్లు నీళ్లుండేలా పోసి, స్కేలు నిలబెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అరగంట చూడాలి. నీటిమట్టం 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్క తీయాలి.

30 నిమిషాల లోపు దిగితే ఇంకుడు గుంత చాలు. 30కీ 60కీ మధ్య అయితే ఒకే గుంత చాలదు, పొడవాటి కందకాల్లో నీళ్లని పరచాలి. 60 దాటితే ఆ నేల నీళ్లు తీసుకోదు, వేరే దారి చూసుకోవాలి. ఇక పోసిన నీళ్లు పోసినట్టే గుటుక్కున మాయమైతే సంతోషపడకండి. కింద రాతి పగులు ఉందని అనుమానించాలి. మన దగ్గర అదే ఎక్కువ ప్రమాదం.

వేరే దారులేంటి? ఒకటి, ట్యాంకు తర్వాత ఇంకో చిన్న గది కట్టి కంకర నింపి, నీళ్లని కింద నుంచి పైకి పంపడం. కంకర మీద పట్టుకున్న బ్యాక్టీరియా మిగిలిన మురికిని తింటుంది. రెండోది, అడుగున నీళ్లు దిగకుండా కట్టిన కంకర మడి. అందులో మెట్టతామర, అరటి లాంటివి పెంచితే కొన్ని నీళ్లు మొక్కలు తాగుతాయి, కొన్ని ఎండకి పోతాయి. మనకి వాన తక్కువే కానీ ఎండకి ఏం కొదవ! రోజుకి సగటున 5 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకుంటే, 200 లీటర్లు పూర్తిగా ఆవిరవడానికి 40 చదరపు మీటర్లు కావాలి, అంటే సరిగ్గా ఒక సెంటు. మూడు సెంట్లవాడికి అది భారమే. అందుకే నాలుగైదు ఇళ్లు కలిసి ఒక మడి వేసుకోవడం, లేదా కంకర ఫిల్టరు దాటిన నీళ్లని మునిసిపాలిటీ ఒప్పుకున్న కాలువకి కలపడం ఆలోచించాలి.

పల్లెల్లో స్థలం ఉండి, మట్టి బాగుండి, బోరు దూరంగా ఉంటే అసలు సెప్టిక్ ట్యాంకే అక్కర్లేదు. రెండు గుంతల మరుగుదొడ్డి చాలు. సుమారు మీటరు వెడల్పు, మీటరు లోతు గుంతలు రెండు, ముందు ఒక వై జంక్షను. ఒకటి నిండాక రెండోదానికి మళ్లించాలి. మొదటిదాన్ని ఏడాదిన్నర, రెండేళ్లు మూసి వదిలేస్తే లోపలిది వాసన లేని ఎరువవుతుంది. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ పథకంలో ఇంటికి 12,000 రూపాయల సాయం ఇచ్చింది ఇలాంటి మరుగుదొడ్లు కూడా కట్టుకోవడానికే. సున్నపురాయి మీద మాత్రం ఇదీ వద్దు.

తోడించే ఖర్చు, దిగే మనిషి

ట్యాంకు పెద్దదైతే తోడించే ఖర్చు ఉండదు అనేది రెండో భ్రమ. ఖర్చు పోదు, వాయిదా పడుతుంది. బండి రేటు ట్రిప్పుకి ఉంటుంది. ఉదాహరణకి బండి 4,000 లీటర్లది, ట్రిప్పు 3,000 రూపాయలు అనుకుందాం. 2,500 లీటర్ల ట్యాంకుకి మూడేళ్లకోసారి ఒక్క ట్రిప్పు. నెలకి పంచితే 80 రూపాయలు కొంచెం పైన, ఫోన్ రీచార్జ్ కన్నా తక్కువ. 18,000 లీటర్లది పూర్తిగా తోడాలంటే ఐదు ట్రిప్పులు, 15,000 రూపాయలు, అదీ ఏ పెళ్లి ముందు రోజో పొంగినప్పుడు.

అసలు కష్టం డబ్బు కాదు. ఏళ్ల తరబడి తోడించని ట్యాంకులో అడుగు మడ్డి గట్టిపడిపోతుంది. బండి పైపు దాన్ని పీల్చలేదు. అప్పుడు "ఎవరినైనా దింపుదాం" అనే మాట వస్తుంది. మూత లేకుండా నాలుగు కడప బండలు పరిచి సిమెంటు పూసేసిన ట్యాంకుల్లోనూ అంతే. పైపు పెట్టే దారి ఉండదు, బండ పగలగొట్టి మనిషిని పంపాలి.

లోపల ఏముంటుందో తెలుసా? హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్. ఆక్సిజన్ దాదాపు ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. "వాసన లేదులే, దిగు" అన్న చోటే చావు ఉంది. మొదటివాడు పడిపోతే కాపాడ్డానికి రెండోవాడు దిగుతాడు, తర్వాత మూడోవాడు. పేపర్లో ఇలాంటి వార్తలు మనందరం చదివినవే. దిగేది ఎవరో, ఏ వాడ నుంచి వస్తారో కూడా ఊళ్లో అందరికీ తెలుసు.

2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. దింపించింది మునిసిపాలిటీయే కానక్కర్లేదు, ఇంటి ఓనరైనా నేరమే. మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షల దాకా. మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలకి పెంచింది. ఈ పోరాటాన్ని దేశం ముందుకు తెచ్చినవాళ్లలో మన తెలుగు మనిషే ఉన్నారు. కోలారు బంగారు గనుల్లో పారిశుధ్య కార్మికుల ఇంట పుట్టిన బెజవాడ విల్సన్. సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడిగా ఆయనకి 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఎస్టిమేట్ షీట్‌లో ఈ వరుస ఎక్కడ వేయాలి? నాకు తెలిసి ఒక్కచోటే వేయొచ్చు, కట్టేటప్పుడే. ప్రతి గది మీదా తెరవగలిగే ఒక మూత, బండి రోడ్డు మీద నిలబడితే పైపు అందేంత దూరంలో ట్యాంకు. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు చాలా చిన్నది. ఇంటి వెనక దొడ్లో మూలకి దాచేసి, దాని మీద బాత్రూమ్ కట్టేస్తే మాత్రం తర్వాత ఎంత పెట్టినా సరిపోదు.

తోడిన మడ్డి ఎక్కడికి పోతుందో కూడా బండివాణ్ణి అడగాలి. ఊరి బయట చెరువు కట్ట కింద వదిలేస్తే మన ఇంట్లోంచి పోయింది మళ్లీ ఊరికే వస్తుంది. కర్నూలు నుంచి బెంగళూరు బస్సెక్కితే చివర్లో దేవనహళ్లి తగులుతుంది కదా, విమానాశ్రయం దగ్గర. 2015లో అక్కడ సెప్టిక్ ట్యాంకుల మడ్డి కోసమే ఒక శుద్ధి కేంద్రం పెట్టారు, రోజుకి 6,000 లీటర్ల సామర్థ్యంతో. మడ్డిని ఆరబెట్టి, ఊరి తడిచెత్తతో కలిపి ఎరువు చేస్తారు. మన పక్కనే, మనలాంటి ఎండలోనే సాధ్యమైన పని ఇది.

ఇప్పుడు మా షీట్

మా ఎస్టిమేట్‌లో ఆ ఒక్క వరుస ఇప్పుడు తొమ్మిదయింది: మట్టి తవ్వకం, బండ తవ్వకం, అడుగు కాంక్రీటు, గోడలు, లోపలి ప్లాస్టరింగు, అడ్డుగోడా టీ పైపులూ, మూతలున్న పైకప్పూ గాలి గొట్టమూ, కంకర ఫిల్టరు, మూడేళ్లకోసారి తోడించడం. తమాషా ఏంటంటే సైజు తగ్గించడంతో మిగిలిన తవ్వకం డబ్బులోనే ఫిల్టరు ఖర్చు చాలావరకు సర్దుకుంది. ట్యాంకు కట్టాక గోడలు ఆరగానే నీళ్లు నింపి, మట్టం గుర్తు పెట్టి, ఒక రోజంతా చూడాలని కూడా రాశాను. దిగిందంటే ఎక్కడో కారుతోంది, ఆ పని అయ్యేదాకా మేస్త్రీకి చివరి డబ్బులు ఇవ్వకూడదు.

సంక్రాంతికి ఇళ్లకి వెళ్తాం కదా. ఒకసారి మీ ట్యాంకు ఎక్కడుందో, మూత ఉందో లేదో, బయటికి పైపు ఎటు పోతోందో చూసి రండి. బోరుకి ఎన్ని అడుగుల దూరమో కాళ్లతో కొలవండి. చివరిసారి ఎప్పుడు తోడించారని నాన్నని అడగండి. "ఇంతవరకు నిండలేదురా" అని ఆయన సంతోషంగా చెప్తే, పక్కన కూర్చుని ఆ 14,60,000 లీటర్ల లెక్క వేసి చూపించండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.